రెండో మెట్టు మీద ఇద్దరు

శుద్ధ గాంధారం అనే స్వరాన్ని ప్రభుత్వం రద్దు చేయడానికి కారణం నేనే. కావాలని చేయలేదు. పైకి చూస్తున్న బాణం మీట నొక్కాను, అంతే.

నా పేరు పిన్నింటి వరహాలు. మాధవగిరి ప్రభుత్వ సంగీత కళాశాలలో సీనియర్ అసిస్టెంటుని. నాకు సంగీతం రాదు. కాకపోతే నా సీటుకీ వీణ తరగతికీ మధ్య ఉన్నది ఒక చెక్క తడిక. పంతొమ్మిదేళ్ళుగా తడిక అవతల పేరిందేవి మేడమ్ వీణ పాఠం చెబుతూ ఉంటారు, ఇవతల నేను సెలవు చీటీలు ఫైలు చేస్తూ ఉంటాను. అవతల ఎవరి వేలైనా తప్పితే ఇవతల నా కలం ఆగిపోతుంది. ఎందుకో చెప్పమంటే చెప్పలేను.

కిందటి ఆగస్టులో మా శాఖ 'స్వరదర్శిని' అనే సాఫ్ట్‌వేర్ తెచ్చింది. డిప్లొమా పాఠాలన్నీ అందులోకి ఎక్కించాలి. ఎక్కించిన రాగాల్లోంచే విద్యార్థి పరీక్షకి ఒక రాగం నమోదు చేసుకోవాలి. అప్పుడే హాల్ టికెట్ వస్తుంది. ఎక్కించే పని "విషయ నిపుణుల జోక్యానికి తావులేకుండా" జరగాలని ఉత్తర్వులో రాశారు కనక, కళాశాల మొత్తం మీద సంగీతం రాని ఏకైక ఉద్యోగినైన నాకు అప్పగించారు.

ఇక్కడ ఒక్క విషయం చెప్పాలి. వీణ మీద కింది షడ్జం దాటాక పై షడ్జం వరకూ పన్నెండు మెట్లు. స్వరాల పేర్లేమో పదహారు. అందుచేత నాలుగు మెట్లకి రెండేసి పేర్లున్నాయి. రెండో మెట్టు కొన్ని రాగాల్లో చతుశ్రుతి రిషభం, కొన్ని రాగాల్లో శుద్ధ గాంధారం. పేరిందేవి మేడమ్ మొదటేడు పిల్లలకి ఏటా ఇదే మాట చెబుతారు: "మీ అమ్మ నీకు అమ్మ, మీ మావయ్యకి చెల్లెలు. మనిషి ఒక్కతే. ఎవరి పక్కన నిలబడిందో చూసి పిలవాలి."

సాఫ్ట్‌వేర్‌లో పన్నెండే మీటలు. రెండోది నొక్కితే ఎప్పుడూ రిషభమే పడుతోంది. పుస్తకంలో గాంధారం ఉంది. సాఫ్ట్‌వేర్ కన్సల్టెంట్ ఇందుప్రియకి ఫోన్ చేశాను.

"సింపుల్ సార్. నోట్ ఎంటర్ చేశాక పైబాణం కొట్టండి. అదే మెట్టుకి రెండో పేరు వస్తుంది," అంది.

కొట్టాను. వచ్చింది. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా పాఠాలు ఎక్కిస్తూ నేను ఆ బాణాన్ని వెయ్యిన్నూట నలభై ఆరు సార్లు కొట్టానని తరవాత తెలిసింది. కొట్టిన ప్రతిసారీ సాఫ్ట్‌వేర్ 'పేరు మార్పు' అని రాసుకుని, నెలాఖరున ఆ జాబితాని ప్రధాన కార్యాలయానికి పంపుతోందట. ఆ సంగతి ఎవరూ నాకు చెప్పలేదు.

ఆ జాబితా మా శాఖ జాయింట్ డైరెక్టర్ బలుసు ధర్మానందం గారి బల్ల మీదకి చేరింది. ఆయన అంతకు ముందు పౌర సరఫరాల్లో ఉండి, ఒక్క జిల్లాలో పదకొండు వేల బోగస్ కార్డులు ఏరేసి ప్రశంసాపత్రం అందుకున్న మనిషి. మా ప్రిన్సిపాల్ రిటైరై రెండేళ్ళయినా ఎవరినీ వేయలేదు కనక, ఇన్‌చార్జి ప్రిన్సిపాల్ కూడా ఆయనే. జాబితా చూసిన మర్నాడే సర్క్యులర్ వచ్చింది.

"పన్నెండు నివాస స్థానాలలో పదహారు మంది స్వరాలు చెలామణి అవుతున్నట్లు ప్రభుత్వ దృష్టికి వచ్చినది. అదనపు నలుగురు ఏ ప్రాతిపదికన కొనసాగుతున్నారో విచారించి, ద్వంద్వ నామధేయములు గల స్వరాలను ఏరివేయుటకు ఇందుమూలముగా ఆదేశించడమైనది."

డిసెంబరులో ఆయన స్వయంగా విచారణకి వచ్చారు. వెంట ఇందుప్రియ, ఆమె లాప్‌టాప్. వీణ తరగతిలో అప్పుడు నూకరత్నం ఒక్కతే సాధన చేస్తోంది.

నూకరత్నం ఆఖరి సంవత్సరం విద్యార్థిని. ఇరవై తొమ్మిదేళ్ళు. తండ్రి పెళ్ళిళ్ళలో నాదస్వరం వాయించేవాడు. ఈమె మార్కెట్ వీధిలో జాకెట్లు కుట్టే కొట్టు పెట్టుకుని, పొద్దున్న కుట్టు మిషను, మధ్యాహ్నం వీణ. ఎడమచేతి వేళ్ళకి తీగ గాట్లు, కుడిచేతి వేళ్ళకి సూది పోట్లు.

"ఏదీ, ఆ రెండో మెట్టు చూపించండి," అన్నారు ధర్మానందం గారు.

నూకరత్నం వేలు పెట్టి చూపించింది. ఆయన కళ్ళజోడు సవరించుకుని, నడుం వంచి, మైనంలో కూర్చోబెట్టిన ఆ కంచు కడ్డీని చాలాసేపు చూశారు.

"ఇక్కడ ఎవరుంటున్నారు?"

"చతుశ్రుతి రిషభం అండి," అన్నారు పేరిందేవి మేడమ్.

"ఇంకా?"

"శుద్ధ గాంధారం."

"ఇద్దరూ ఒకేసారి ఉంటారా?"

"ఉండరండి. ఒక రాగంలో ఒకరు వస్తే రెండోవారు రారు."

"అంటే ఈ ఇద్దరినీ ఒకచోట చూసిన సాక్షులు లేరు."

"ఎలా ఉంటారండీ? ఉన్నది ఒక్క మెట్టు."

"నేనూ అదే అంటున్నాను." ఆయన ఇందుప్రియ వైపు తిరిగారు. "రాసుకోమ్మా. ఒకటే ఇల్లు, రెండు కార్డులు."

పేరిందేవి మేడమ్‌కి ఓపిక ఎక్కువ. పంతొమ్మిదేళ్ళుగా తడిక ఇవతల నుంచి వింటున్నాను కనక చెబుతున్నాను. "వినండి సార్," అని, నూకరత్నం చేత అదే మెట్టుని ముందు రిషభంగా, తరవాత గాంధారంగా ఒక చిన్న వరుసలో పెట్టి వాయింపించారు. మొదటిసారి ఆ స్వరం ఇంట్లోంచి బయల్దేరుతున్నట్టు వినబడింది. రెండోసారి పరాయి ఊళ్ళో దిగినట్టు వినబడింది. సంగీతం రాని నాకే తెలిసింది.

ఇందుప్రియ లాప్‌టాప్ తిప్పి చూపించింది. "రెండుసార్లూ ఒకటే నంబర్ సార్. పాయింట్ తేడా కూడా లేదు."

"వేలిముద్ర ఒక్కటే," అన్నారు ధర్మానందం గారు తృప్తిగా. "పైగా పేరులో శుద్ధ అని పెట్టుకుంది."

జనవరిలో ఉత్తర్వులు వచ్చాయి. వాడుకలో ఎక్కువున్న పేరు ఉంచి, తక్కువున్న పేరు తీసేశారు. శుద్ధ గాంధారం, షట్‌శ్రుతి రిషభం, వాటికి జోడీగా పైన ఒక ధైవతం, ఒక నిషాదం, మొత్తం నాలుగు పేర్లు రద్దు. బాణం మీట పనిచేయడం మానేసింది. ఏ వరుసలోనైనా ఒకే పేరు గల స్వరాలు రెండు మెట్ల మీద కనిపిస్తే సాఫ్ట్‌వేర్ ఆ రాగాన్ని 'చెల్లదు' అంటుంది. ఆ లెక్కన డెబ్భై రెండు మేళకర్త రాగాల్లో నలభై చెల్లకుండా పోయాయి. వాటితోపాటే వాటి సంతానమూ.

ఉత్తర్వులు అందిన రోజే పేరిందేవి మేడమ్ నన్ను వెంటబెట్టుకుని ప్రధాన కార్యాలయానికి వెళ్ళారు. ధర్మానందం గారు మర్యాదగా కూర్చోబెట్టారు.

"ఈ నలభైకీ శాస్త్రంలో విడిగా ఒక పేరుందటగా," అన్నారు.

"వివాది మేళాలు అంటారండి."

ఆయన కుర్చీలో ముందుకి జరిగారు. "వివాదమా? ఏ కోర్టులో ఉంది?"

"కోర్టు కాదండి. పక్కపక్క స్వరాలకి ఒకదానితో ఒకటి పొసగదని శాస్త్రకారులు అలా పేరు పెట్టారు."

"ఎన్నాళ్ళుగా పొసగడం లేదు?"

"మూడు వందల ఏళ్ళ పైమాటే."

"మూడు వందల ఏళ్ళుగా పరిష్కారం కాని తగాదాని మీరు విద్యార్థుల చేత బహిరంగంగా వాయిస్తున్నారు." ఆయన గొంతులో కోపం లేదు, బాధ ఉంది. "ఇరుపక్షాల స్వరాలూ అభ్యంతరం లేదని రాతపూర్వకంగా ఇస్తే సానుభూతితో పరిశీలిస్తాను. అంతకన్నా నా చేతుల్లో లేదు."

తిరుగు బస్సులో పేరిందేవి మేడమ్ దిగేముందు, "నూకరత్నం నమోదు చేసుకున్నది నాట కదూ," అన్నారు.

అవును, నాట. కచేరీల్లో చాలామంది మొట్టమొదట వాయించే రాగం. నూకరత్నం తండ్రి పెళ్ళికొడుకుని ఎదుర్కోలు చేసి తీసుకొచ్చేటప్పుడు వాయించేది కూడా అదేనట. అందులో ఉన్నది షట్‌శ్రుతి రిషభం. రద్దయిన నాలుగింటిలో ఒకటి. దాని మెట్టుకి ఇప్పుడు గాంధారం అనే పేరే మిగిలింది కనక, నాటలో గాంధారాలు రెండయ్యాయి, నాట చెల్లకుండా పోయింది. నూకరత్నం రెండేళ్ళుగా సాధన చేస్తున్నది ఆ ఒక్క రాగాన్నే. జూన్‌లోపు డిప్లొమా చూపిస్తే బాలికల గురుకుల పాఠశాలలో సంగీతం టీచరు ఉద్యోగం ఇస్తామన్నారు. జులైలో ఆమెకి ముప్పై నిండుతాయి, ముప్పై దాటితే పరీక్షకే అర్హత లేదు.

రాగం మార్చుకోవచ్చు కదా అని నేనూ అనుకున్నాను. రాగం మార్పు దరఖాస్తులో మొదటి గడి 'పాత రాగం'. జాబితాలోంచి ఎంచుకోవాలి. జాబితాలో నాట లేదు. పాత రాగం లేనివారికి కొత్త రాగం ఇవ్వరు.

పేరిందేవి మేడమ్ అప్పీలు పెట్టారు. దాన్ని ఇన్‌చార్జి ప్రిన్సిపాల్ హోదాలో ధర్మానందం గారు చదివి, "అభ్యర్థిని విషయంలో తీరని అన్యాయం జరిగినట్లు అభిప్రాయపడుతూ, గట్టిగా సిఫార్సు చేయడమైనది" అని రాసి సంతకం పెట్టారు. అది జాయింట్ డైరెక్టర్‌కి చేరింది. జాయింట్ డైరెక్టర్ హోదాలో ఆయనే చదివి, "సిఫార్సులో పస లేదు. తిరస్కరించడమైనది" అని రాశారు. ప్రిన్సిపాల్ భావోద్వేగాలకు లోనుకావడం తగదని పక్కన ఒక మందలింపు కూడా పెట్టారు.

ఆయన తనిఖీకి వచ్చినప్పుడు మేడమ్ ఆ కాగితం చూపించి అడిగారు. "రెండు సంతకాలూ మీవే కదండీ."

"అవును. అక్కడ కూర్చుంటే న్యాయంగానే అనిపించింది. ఇక్కడికి వచ్చాక కుదరదనిపించింది."

"రెండో మెట్టు కూడా అంతేనండి."

ఆయన ఆలోచించారు. నిజంగానే ఆలోచించారు, నేను చూశాను. "కాదమ్మా," అన్నారు చివరికి. "నాకు రెండు హోదాలకీ విడివిడిగా రబ్బరు స్టాంపులున్నాయి."

అప్పుడు నాకు ఒక ఉపాయం తట్టింది. బాణం మీట నొక్కి ఈ గొడవంతా తెచ్చినవాడిని నేనే కనక, రాత్రి నిద్ర సరిగా పట్టడం లేదు. సాఫ్ట్‌వేర్‌లో 'అక్షరదోష సవరణ' అని ఒక దరఖాస్తు ఉంది. అందులో పాత పేరు చేత్తో టైపు చేయవచ్చు, జాబితా అడగదు. కానడ అనే రాగం జాబితాలో భద్రంగా ఉంది. నాట అని పడినది అచ్చుతప్పు, కానడ అని చదువుకోవలెను అని రాస్తే సరిపోతుంది.

పేరిందేవి మేడమ్ ఒప్పుకోలేదు. "కానడ అని రాసి నాట వాయిస్తే రెండు రాగాలనీ అవమానించినట్టు, వరహాలుగారూ. ఇన్నాళ్ళూ నేను ఆయనతో పోట్లాడుతున్నది దేనికి? ఉన్నదాన్ని దాని పేరుతో పిలవమనే కదా."

నూకరత్నం వీణకి గవిసెన తొడుగుతూ వింటోంది. "అమ్మగారూ, ఓ మాట సెప్పనా. పేరేటి రాసినా వేలు పడిన కాడే పడతాది కదండీ. ఈ యేడు పోతే నాకు మరి యేడు నేదు."

మేడమ్ చాలాసేపు ఆ అమ్మాయి చేతుల వైపు చూశారు. "నీ పరీక్ష. నీ ఇష్టం. నేను అడ్డురాను," అని, తంబురా గోడకి ఆనించి బయటికి వెళ్ళిపోయారు.

సవరణ పెట్టాను. పది నిమిషాల్లో హాల్ టికెట్ వచ్చింది. రాగం: కానడ.

ఏప్రిల్ పదకొండున పరీక్ష. హాల్లో బల్ల వెనక ధర్మానందం గారు, పక్కన పేరిందేవి మేడమ్, ఇంకో పక్క ఇందుప్రియ. వీణ కుండకి చిన్న మైకు తగిలించారు. వాయించింది వాయించినట్టు సాఫ్ట్‌వేర్ రాసుకుంటుంది. నియమం తప్పిన వరుసని మాత్రం రాసుకోదు, అంత మేరా విరామం గుర్తులు పెడుతుంది. నేను హాజరుపట్టీతో తలుపు దగ్గర నిలబడ్డాను.

"అభ్యర్థిని ఏ రాగం సమర్పిస్తున్నారు?" అన్నారు ధర్మానందం గారు, హాల్ టికెట్ చూస్తూనే.

నూకరత్నం మేడమ్ వైపు చూడలేదు, నా వైపూ చూడలేదు. వీణ మీద చెయ్యి వేసి, "నాటండి," అంది.

నా చేతిలోంచి హాజరుపట్టీ జారింది.

"ఇక్కడ కానడ అని ఉంది."

"అది అచ్చుతప్పండి."

"నాట అనే రాగం లేదు కదమ్మా."

"నేదనే సెప్పినారండి. అయినా వాయిత్తాను. మీకు ఇనపడకపోతే మానీయండి."

మొదలుపెట్టింది.

నేను సంగీతం గురించి రాయలేను. ఒక్కటి చెబుతాను. ఆ మొదటి మీటుకి హాల్లో కూర్చున్న పిల్లలు నిటారుగా అయ్యారు. ఎవరో పెద్దవాళ్ళు గదిలోకి వస్తే లేచి సర్దుకుంటామే, అలాగ. ధర్మానందం గారు కాసేపు తెర వైపు చూశారు. తెర మీద వరస తరవాత వరస విరామం గుర్తులే పడుతున్నాయి. కాసేపటికి ఆయన తెర చూడటం మానేశారు. ఇంకాసేపటికి ఆయన చెయ్యి ఫైలు అట్ట మీద తాళం వేస్తోంది. మధ్యలో నాకు పొలమారి ఒకసారి దగ్గాను. పేరిందేవి మేడమ్ కళ్ళు మూసుకునే ఉన్నారు. నూకరత్నం ఆపాక కూడా ఆయన చెయ్యి రెండు దెబ్బలు ఎక్కువ వేసింది.

ఇందుప్రియ గొంతు సవరించుకుంది. "సార్, సిస్టమ్ ప్రకారం అభ్యర్థిని ఇరవై రెండు నిమిషాలు ఏమీ వాయించలేదు."

"నేను విన్నాను కదమ్మా."

"మీరు విన్నది నమోదు కాలేదు సార్."

ఆయన కఠినాత్ముడు కాడు. ఆ అమ్మాయిని తప్పించడం ఆయనకి ఇష్టం లేదని తెలుస్తూనే ఉంది. రికార్డుకి ఎదురు చెప్పడం మాత్రం ముప్పై ఏళ్ళ సర్వీసులో ఎన్నడూ చేయలేదు. ఫైలు తెరిచారు, మూశారు. చివరికి మెల్లిగా అడిగారు.

"ఆ ఏమీ వాయించకపోవడం ఎలా ఉంది?"

ఇందుప్రియ మీటలు నొక్కి చూసింది. "చాలా బాగుంది సార్. అపస్వరాలు సున్నా. విరామాలన్నీ తాళానికి కచ్చితంగా సరిపోయాయి. తొంభై ఆరు శాతం."

"మిగతా నాలుగు?"

"మధ్యలో ఎవరో దగ్గారు సార్."

నేను కాళ్ళకేసి చూసుకున్నాను.

ధర్మానందం గారు కలం తీసి రాశారు. "అభ్యర్థిని ఇరవై రెండు నిమిషాలపాటు ఏమియు వాయించలేదు. ఆద్యంతము మిక్కిలి రసవత్తరముగా నున్నది." జాయింట్ డైరెక్టర్ స్టాంపు వేసి సంతకం చేశారు. దాని కింద ఇన్‌చార్జి ప్రిన్సిపాల్ స్టాంపు వేసి, "ఏకీభవించడమైనది" అని రాసి మళ్ళీ సంతకం చేశారు. ఆ ఇద్దరూ ఒక మాట మీద నిలబడటం అదే మొదటిసారి.

బయటికి వచ్చాక నూకరత్నాన్ని అడిగాను, కానడ అని ఎందుకు చెప్పలేదమ్మా అని.

"సెప్దామనే నోరు తెరిసాను వరహాలుగారూ. వీణ మీద సెయ్యున్నాది. రానేదు."

పేరిందేవి మేడమ్ వెనకనుంచి వచ్చి, ఆ అమ్మాయి చెయ్యి పట్టుకున్నారు.

మే నెలలో సర్టిఫికెట్ వచ్చింది. వాద్యం: వీణ. అంశం: నిశ్శబ్దం. శ్రేణి: ప్రథమ. సాఫ్ట్‌వేర్ ఏది నమోదు చేసుకుంటే అదే అచ్చవుతుంది. గురుకుల పాఠశాల ప్రిన్సిపాల్ దాన్ని రెండుసార్లు చదివి, మా హాస్టల్‌కి ముఖ్యంగా కావలసింది ఇదేనని ఉద్యోగం ఇచ్చారు.

ఇంతటితో సరిపోయేది. కానీ ఏడాది నివేదికలో రాష్ట్రం మొత్తానికీ అత్యధిక మార్కులు నిశ్శబ్దంలో వచ్చినట్టు కనబడటంతో శాఖకి ఉత్సాహం పుట్టింది. "నిశ్శబ్ద విద్యలో మాధవగిరి సాధించిన పురోగతిని గుర్తిస్తూ" రెండేళ్ళ డిప్లొమా కోర్సు మంజూరు చేశారు. పాఠ్యప్రణాళిక తయారుచేసే బాధ్యత పేరిందేవి మేడమ్‌కి ఇచ్చారు. నేను కంగారుపడ్డాను. మేడమ్ మాత్రం వారం రోజుల్లో ప్రణాళిక రాసిచ్చారు. నిశ్శబ్దం, మొత్తం నలభై పాఠాలు. చెల్లకుండా పోయిన మేళాలు ఎన్నో, పాఠాలూ అన్నే. ధర్మానందం గారు చూసి, సంఖ్య నిండుగా ఉందని మెచ్చుకుని ఆమోదించారు. ఆ తరగతి కూడా తడిక అవతలే జరుగుతుంది. ఇప్పుడు నా కలం ఇదివరకటికంటే తరచుగా ఆగుతోంది, తప్పు వేళ్ళ వల్ల మాత్రం కాదు.

మొన్న శనివారం నూకరత్నం ఒక మెమో పట్టుకుని వచ్చింది. గురుకులాల తనిఖీ అధికారి పంపినది. "నిశ్శబ్దం పీరియడులో వరండా చివరి వరకూ వీణ శబ్దము వినవచ్చుచున్నట్లు గమనించడమైనది. వారం లోగా సంజాయిషీ ఇవ్వవలెను."

"ఏటి రాయమంటారండి?"

"ఆయన ఎంతసేపు విన్నారమ్మా?"

"గంట కొట్టీవరకూ ఉన్నారండి. సెప్పులిడిసి గుమ్మంలో కూకున్నారు. ఎల్లీటప్పుడు, ఇందాకటిది మల్లీ ఓపాలి వాయించమన్నారు."

నేను కాగితం తీసుకుని రాశాను. "శబ్దము ఉన్నదీ లేనిదీ ఒక్క తనిఖీలో తేలే విషయం కాదు కనక, తమరు సోమవారం మరల దయచేసి, పీరియడు పూర్తయ్యేవరకూ కూర్చుని నిర్ధారించవలసిందిగా ప్రార్థన."

నూకరత్నం చదువుకుంది. నా కలం అడిగి తీసుకుని, 'సోమవారం' ముందు 'ప్రతి' అని చేర్చి సంతకం పెట్టింది.